సెలెదోనియో ఎదుటి కుర్చీ

ఒనొరాతోకి పెళ్ళాం మీద ఎన్నడూ అనుమానం రాలేదు. విసి కళగల మనిషే. నవ్విందంటే వీధి చివరిదాకా వినపడేది. ఆవిడ ఎవరితో నవ్వినా అతనికి చీమ కుట్టినట్టు కూడా ఉండేది కాదు. తనకున్న ఈర్ష్యనంతా అతను రొట్టెలు కాల్చుకునే ఒక లావుపాటి బట్టతల మనిషి కోసం దాచిపెట్టుకున్నాడు. ఆ సంగతి వాల్దెరుయేలా ఊరందరికీ తెలుసు, ఒక్క ఒనొరాతోకి తప్ప.

ఆ లావుపాటి మనిషి పేరు సెలెదోనియో. ఊళ్ళో రొట్టెల బట్టీ అతనిది. ఒనొరాతో ఒకప్పుడు కంచరగాడిదలకి జీనులు కుట్టేవాడు. గాడిదలు పోయి ట్రాక్టర్లు వచ్చాక కార్ల సీట్లకి తొడుగులు కుట్టడం మొదలెట్టాడు. "కారు నయం. కొలత తీసుకునేటప్పుడు తన్నదు" అనేవాడు. ఈ ఇద్దరూ దేశంలో అంతర్యుద్ధం అయిపోయి మగాళ్ళు ఇళ్ళకి చేరిన కాలం నుంచీ ముస్ ఆటలో జోడీ. ఆదివారం చర్చి నుంచి బయటపడగానే ఒనొరాతో తిన్నగా ప్రిమి అనే ఆవిడ నడిపే సారాకొట్టుకి వెళ్ళి, సెలెదోనియో ఎదుటి కుర్చీలో కూర్చునేవాడు. ఆ కుర్చీలో మరొకరు కూర్చోగా ఊళ్ళో పిల్లలెవరూ చూసి ఎరగరు.

ముస్ అంటే పేకాటే, కాకపోతే కాస్త సిగ్గులేని పేకాట. నలుగురు ఆడతారు. జోడీగాళ్ళు ఎదురెదురుగా కూర్చుని, చేతిలో ఏముందో మొహంతో చెప్పుకోవచ్చు. రెండు రాజులుంటే కింది పెదవి కొరుక్కోవాలి. రెండు ఆసులుంటే నాలిక కొస బయటపెట్టాలి. ఏమీ లేకపోతే కళ్ళు మూసుకోవాలి. అవతలి జోడీ కంట పడకుండా చెయ్యడంలోనే ఉంది మజా అంతా. పెద్దపెద్ద మీసాల వాళ్ళు, మనవల్ని ఎత్తినవాళ్ళు, నాలికలు బయటపెట్టుకుని కూర్చుంటారు. అయితే సైగలు మాత్రం అందరికీ తెలిసినవే అయ్యుండాలి. సొంతంగా సైగ కనిపెట్టుకుంటే దొంగాట. పట్టుబడినవాణ్ణి బల్ల దగ్గర్నుంచి లేపేస్తారు. ఆ తర్వాత వాడు బతికున్నంతకాలం ఏ బల్లా వాడికి చోటివ్వదు.

సెలెదోనియోకీ ఒనొరాతోకీ ఒక సొంత సైగ ఉంది.

చొక్కా చేతి మీద పిండి పడ్డట్టు సెలెదోనియో 'ఉఫ్' అని ఊదుకునేవాడు. రొట్టెలవాడు కదా, ఎవరికీ అనుమానం రాదు. ఆదివారం ఉతికిన చొక్కా వేసుకొచ్చినా ఊదేవాడు. దానర్థం: నా చేతిలో గవ్వ లేదు, నువ్వు ధైర్యంగా 'ఓర్దాగో' అను. ఓర్దాగో అంటే ఆట మొత్తాన్ని ఒక్క దెబ్బకి పందెం ఒడ్డడం. అవతలివాళ్ళు భయపడి ముక్కలు పడేస్తే గెలుపు. 'చూపించు' అన్నారో, కొంప మునిగినట్టే. ఆ ఊదుడు చూసినప్పుడల్లా ఒనొరాతో గుండె ఉబ్బిపోయేది. మనిషనేవాడు చేతిలో ఏమీ లేనప్పుడు తనని నమ్ముకున్నాడు అంటే మాటలా. విసి పెళ్ళినాడు చేసిన ప్రమాణం కూడా అతన్ని అంతగా కదిలించలేదు. ఈ మాట విసికి తెలిస్తే ఏమయ్యేదో మీరే ఊహించుకోండి.

ఆ ఏడాది వసంతంలో ఊళ్ళో గోడలన్నీ పార్టీల కాగితాలతో నిండిపోయాయి. ఒనొరాతో కుర్రతనం తర్వాత మళ్ళీ అప్పుడే ఎన్నికలు. సైనిక నియంత పాలనలో నలభై ఏళ్ళు నోళ్ళు కుట్టుకుని కూర్చున్న ఊరు ఏం మాట్లాడాలో తెలియక ఇంకా వానల గురించే మాట్లాడుకుంటోంది. అలాంటి రోజుల్లో మధ్యాహ్నం బస్సులోంచి ఎవేలియో దిగాడు.

ఎవేలియో ఒకప్పుడు ఈ ఊళ్ళో రైతుకూలీ సంఘం కార్యదర్శి. యుద్ధం మొదలైన వేసవిలో, తిరుగుబాటు సైన్యం ఊళ్ళోకి రాగానే, కొండలు దాటి రిపబ్లిక్ ప్రభుత్వం వైపు పారిపోయాడు. ఓడిపోయాక ఫ్రాన్స్ వెళ్ళి, తూలూజ్‌లో విమానాల కార్ఖానాలో పనిచేసి, అక్కడే ముసలివాడయ్యాడు. ఇప్పుడు క్షమాభిక్ష వచ్చింది, పాస్‌పోర్టు చేతికొచ్చింది, ఊరు చూసుకుందామని వచ్చాడు. ఒనొరాతో తన కుట్టుకొట్టు గుమ్మంలోంచి చూస్తున్నాడు. సెలెదోనియో చంకలో వేడి రొట్టె పెట్టుకుని బస్సు దగ్గర నిలబడ్డాడు. ఇద్దరూ కౌగిలించుకున్నారు. మధ్యలో రొట్టె నలిగిపోయింది. ఇద్దర్లో ఒక్కడికీ ఆ ధ్యాసే లేదు.

"రొట్టె పాడైపోయింది" అన్నాడు ఒనొరాతో, లోపల బఠాణీలు ఒలుస్తున్న విసితో.

"ఎవరిది?"

"ఎవరిదైతేనేం. మంచి రొట్టె."

అప్పట్నుంచి అతనికి ఎవేలియోలో అన్నీ వంకలే కనిపించాయి. టోపీ మరీ వంకరగా పెడతాడు. ఆ ఫ్రెంచి పొగాకు పేడ కాలినట్టు కంపు కొడుతుంది. కాఫీ తెచ్చిస్తే ప్రిమికి ఫ్రెంచిలో 'మెర్సీ' అని థాంక్సు చెబుతాడు. సొంతూళ్ళో సొంత మనిషికి మెర్సీ ఏమిటి.

"ఎర్రవాళ్ళందరూ తిరిగొచ్చేస్తున్నారే" అన్నాడు రాత్రి వెల్లుల్లి చారు జుర్రుకుంటూ. "దేశం ఏమైపోతుందో."

విసి చెంచా కింద పెట్టింది. "దేశం సంగతి వదిలెయ్యి. మన పెళ్ళైన కొత్తలో నువ్వు మీ అత్త కూతురు వడ్డించిన కూర మూడుసార్లు మెచ్చుకున్నావు గుర్తుందా? ఆ రాత్రి నా మొహం ఎలా ఉందో, ఇవాళ నీ మొహం అచ్చం అలా ఉంది."

"నాకు అసూయా? రొట్టెలవాడి మీదా?" ఒనొరాతో నవ్వబోయాడు, పొరబోయింది.

మర్నాడు పొద్దున రొట్టె కోసం తానే బయల్దేరాడు. ఇంట్లో నిన్నటి రొట్టె సగం అలాగే ఉంది. బట్టీ వెనక కట్టెలు పేర్చిన సందులోంచి వెళ్తే దగ్గరదారి అని తనకి తాను చెప్పుకున్నాడు గానీ, అది దగ్గరదారి కాదు, కిటికీ ఉన్న దారి. కట్టెల చాటున గూడు కట్టుకుంటున్న పిట్టలాగా వంగి కూర్చున్నాడు.

లోపల సెలెదోనియో మాట్లాడుతున్నాడు. ఒనొరాతో మొదట ఎవరో కొత్తమనిషి అనుకున్నాడు. తనకి తెలిసిన సెలెదోనియో పొద్దస్తమానం కలిపి పది మాటలు ఆడడు, అందులో సగం పేక గురించీ, సగం కట్టెలు తడిగా ఉన్నాయనీ. ఈ మనిషి గలగలా వాగుతున్నాడు.

"... బ్లాస్ గాడు పిండి పిసుకుతూ పాట పాడేవాడు, గుర్తుందా? మా నాన్న తిట్టేవాడు, నీ పాటకి పిండి కూడా పొంగనంటోందిరా అని."

"వాడి గొంతు నాకు తూలూజ్‌లో కూడా వినపడేది" అన్నాడు ఎవేలియో.

బ్లాస్ సెలెదోనియో తమ్ముడు. యుద్ధం మొదలైన వేసవిలో ఒక లారీ వచ్చి అతన్ని ఎక్కించుకుపోయింది. మళ్ళీ దింపలేదు. ఊళ్ళో అలా పోయినవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళ పేర్లు ఎవరూ ఎత్తరు. ఒనొరాతో మరీ ఎత్తడు, ఎందుకంటే ఆ లారీ అతని మేనమామ గౌదెన్సియోది. తోలింది కూడా ఆయనే. గౌదెన్సియో నిద్రలోనే ప్రశాంతంగా పోయాడు. అంత్యక్రియలకి సెలెదోనియో కూడా వచ్చి, టోపీ తీసి నిలబడి వెళ్ళాడు. ఆ ఆదివారం ఇద్దరూ ఎప్పటిలాగే పేకాడారు.

కట్టెల చాటున కూర్చున్న ఒనొరాతోకి సిగ్గు రావాలి నిజానికి. సిగ్గు రాలేదు. కడుపులో మంట వచ్చింది. ఇన్నేళ్ళూ ఎదురుగా కూర్చున్నాను, నాకు పెదవి కొరికి చూపించాడు, నాలిక చూపించాడు, తమ్ముడు పాడేవాడని మాత్రం చెప్పలేదు. నిన్నగాక మొన్న బస్సు దిగినవాడికి పాటలతో సహా చెబుతున్నాడు. లేవబోతే కట్టెలు జారి దబదబా పడ్డాయి.

"ఎవరది?" సెలెదోనియో తల బయటపెట్టాడు.

"నేనేరా. కట్టెలు తడిగా ఉన్నాయేమో అని చూస్తున్నా."

"ఉన్నాయా?"

"పొడిగానే ఉన్నాయి" అన్నాడు ఒనొరాతో, ప్యాంటుకి అంటిన బెరడు దులుపుకుంటూ.

ఎన్నికలు వచ్చాయి, పోయాయి. ఊళ్ళో ఎవరు దేనికి వేశారో అందరికీ తెలుసు, ఎవరూ అడగలేదు. ఒనొరాతోకి ఆ గొడవేమీ పట్టలేదు. అతని ఎన్నిక ఆగస్టులో ఉంది. ఊరిని కాచే పునీతుడు సాన్ రోకే పండగకి ప్రిమి కొట్లో ముస్ పోటీ జరుగుతుంది. గెలిచిన జోడీకి చెరొక గొర్రెపిల్ల. ఏటా ఆ గొర్రెపిల్లలు వాళ్ళిద్దరివే.

జూలైలో ఒకనాడు సెలెదోనియో ఒనొరాతో కొట్టుకి వచ్చి, ఒక కారు సీటు మీద కూర్చుని, తొడుగు కుట్లు ఒక్కొక్కటే వేలితో నిమిరాడు.

"ఏరా, కారు కొంటావా?" అన్నాడు ఒనొరాతో.

"ఈ ఏడాది పండగకి ఎవేలియోతో ఆడతాను."

దబ్బనం ఒనొరాతో వేలిలో దిగింది.

"ఒక్క ఏడాదేరా" అన్నాడు సెలెదోనియో. "వాడికి ఆరోగ్యం బాలేదు. మళ్ళీ వస్తాడో రాడో."

"ఆడుకో. నాకేం? నాకు బోలెడంతమంది ఉన్నారు జోడీకి."

బోలెడంతమంది లేరు. పశువుల డాక్టరు పట్నం వెళ్ళాడు. పోస్టుమేన్‌కి సైగ చేస్తే "ఏంటి, కంట్లో నలక పడిందా" అని పైకే అడుగుతాడు. ఒనొరాతో మూడు రోజులు అన్నం సహించక తిరిగి, చివరికి గిన్నెలు తోముతున్న విసి వెనకాల నిలబడ్డాడు.

"ఏమే. నీకు ముస్ వచ్చా?"

"ఇన్నేళ్ళూ కంచం ముందు కూర్చుని ప్రతి ఆటా మళ్ళీ ఆడి చూపించావు. రాకుండా ఉంటుందా?"

"ఆడవాళ్ళు ఆడొచ్చంటావా?"

విసి చేతులు తుడుచుకుంది. "రెండేళ్ళ కిందటిదాకా నేను పాస్‌పోర్టు తీసుకోవాలన్నా, పనిలో చేరాలన్నా నీ సంతకం కావాల్సొచ్చేది. ఇప్పుడు పేకాటకి నా సంతకం నీకు కావాల్సొచ్చింది. ఉండు, కాసేపు ఆలోచించుకోనీ, ఇలాంటి రోజు మళ్ళీ రాదు."

ప్రిమి కొట్లో పెద్ద చర్చే జరిగింది. "మగాళ్ళే ఆడాలని నేనెప్పుడూ అనలేదు" అంది ప్రిమి. "ఎవరూ అడగలేదు అంతే. విసీ, ముందొచ్చి కూర్చో. ఈ మొహాలు చూసి చూసి నాకూ విసుగొచ్చింది."

పండగనాడు ఒనొరాతో, విసి ఒక్కొక్క జోడీనే ఇంటికి పంపించారు. విసి మొహంలో సైగ చేసిందో, మామూలుగా మొగుణ్ణి వెక్కిరిస్తోందో అవతలివాళ్ళకి అంతుపట్టలేదు. పశువుల డాక్టరు తమ్ముడు, "పెదవి కొరుకుతోందంటే రాజులున్నాయా, కోపమొచ్చిందా?" అని ఒనొరాతోనే అడిగాడు. "పెళ్ళిచేసుకున్న ఇన్నేళ్ళకి నాకూ తెలీదు" అన్నాడు ఒనొరాతో. చివరి ఆటకి బల్ల చుట్టూ నలుగురు మిగిలారు. ఇటు ఒనొరాతో, విసి. అటు సెలెదోనియో, ఎవేలియో. ఊరు ఊరంతా వాళ్ళ భుజాల మీదికి వంగింది.

ఒనొరాతో కళ్ళు తన ముక్కల మీద లేవు. సెలెదోనియో మొహం మీదున్నాయి. ఎవేలియో ఏదో అన్నప్పుడల్లా ఆ మొహంలో ఎక్కడో కుర్రవాడు కదులుతున్నాడు. నా ఎదురుగా కూర్చున్నప్పుడు ఎన్నడూ కదలని కుర్రవాడు వీడు, అనుకున్నాడు ఒనొరాతో. "ముక్కలు చూసుకో" అని విసి బల్ల కింద నుంచి కాలు తొక్కింది.

ఆట సమంగా నడిచి చివరి పంపకానికి వచ్చింది. అప్పుడు ఎవేలియో తల పక్కకి తిప్పి, చొక్కా చేతి మీద 'ఉఫ్' అని ఊదాడు.

విమానాల్లో మరలు బిగించుకునే మనిషి. జన్మలో పిండి అంటని చొక్కా.

ఒనొరాతోకి చెవులు హోరెత్తాయి. అంటే ఆ సైగ తనకోసం పుట్టింది కాదు. ఈ ఇద్దరూ, బహుశా ఆ బ్లాస్ కూడా, మీసాలు రాని రోజుల్లో ఆ పిండిలో కూర్చుని కనిపెట్టుకున్నది. ఎవేలియో వెళ్ళిపోతే ఖాళీగా పడున్న సైగని సెలెదోనియో తెచ్చి తనకి ఇచ్చాడు, పెద్దవాడి చొక్కా చిన్నవాడికి వేసినట్టు. ఇన్నేళ్ళు తను ఉబ్బిపోయింది ఎవరిదో పాత చొక్కా తొడుక్కుని.

"ఓర్దాగో" అన్నాడు సెలెదోనియో.

ఒనొరాతో లేచి నిలబడ్డాడు. వేలు కూడా లేచింది. దొంగ సైగ, నేను చూశాను, అని ఒక్క మాట అంటే చాలు. ఇద్దర్నీ లేపేస్తారు. ఎవేలియో మళ్ళీ బస్సెక్కుతాడు, సెలెదోనియోతో ఈ ఊళ్ళో ఎవరూ ఆడరు. తనకి దక్కనిది ఇంకెవరికీ దక్కదు.

ఒనొరాతో చుట్టూ చూశాడు. ఎవరూ ముక్కలకేసి చూడటం లేదు. అందరూ అతని వేలు చూస్తున్నారు. ముసలివాళ్ళ మొహాలు గోడలైపోయాయి. ఆ ఊళ్ళో ఒక మనిషి లేచి నిలబడి ఇంకొకరి వైపు వేలు చూపించడం వాళ్ళు ఇంతకుముందు చూశారు. ఆ చూపించినవాళ్ళలో ఈ వేలికి ఎవరు మేనమామ అవుతాడో కూడా వాళ్ళకి తెలుసు. సెలెదోనియో మాత్రం అతని మొహంలోకి చూస్తున్నాడు. బతిమాలడం లేదు, బెదరడం లేదు. ఏనాటి నుంచో ఎదురుచూస్తున్నది వచ్చిందా అన్నట్టు ఊరికే చూస్తున్నాడు.

ఒనొరాతో వేలు మెల్లగా మడిచాడు. "కాలు తిమ్మిరెక్కింది" అని కూర్చున్నాడు.

ముక్కలు పడేద్దామని చెయ్యి చాచాడు. వాళ్ళనే గెలవనీ, గొర్రెపిల్లల్ని తోలుకుపోనీ అనుకున్నాడు. జీవితంలో మొదటిసారి ఒక గొప్ప పని చెయ్యబోతున్నానని అతనికి కాస్త కన్నీళ్ళు కూడా వస్తున్నాయి.

"చూపించండి" అంది విసి.

"ఏమే!"

"మూడు రాజులున్నాయి నా దగ్గర. పెదవి కొరికి కొరికి వాచిపోయింది, నువ్వు నాకేసి చూస్తేగా. నేనెందుకు భయపడాలి?"

సెలెదోనియో, ఎవేలియో ముక్కలు తిప్పారు. గవ్వ లేదు. కొట్టు గోల గోల అయిపోయింది. ప్రిమి బల్లెక్కి చప్పట్లు కొట్టింది. ఒనొరాతో గొప్ప పని ఎవరికీ తెలియకుండానే గాల్లో కలిసిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం ఒనొరాతో కొట్టు చల్లగా, చీకటిగా ఉంది. సెలెదోనియో వచ్చి మళ్ళీ అదే కారు సీటు మీద కూర్చున్నాడు.

"చూశావు" అన్నాడు.

"చూశా."

"చెప్పలేదు."

ఒనొరాతో దారానికి మైనం రాస్తూ తలెత్తలేదు. "ఆ సైగ నా కోసమే అనుకున్నాన్రా."

"ఒక్కటే సైగ వచ్చు నాకు. ఇంకోటి ఎక్కణ్ణుంచి తేను?"

"వాడితో మాట్లాడతావు. పాటలూ అవీ. నాతో మాత్రం కట్టెలు తడి, కట్టెలు పొడి."

"నువ్వు అడగలేదు."

"అడిగుంటే?"

"లేచి ఇంటికి పోయేవాణ్ణి. మళ్ళీ వచ్చేవాణ్ణి కాదు."

"మరి నాతో కూర్చోవడమెందుకు ఇన్నేళ్ళు? మా మామ..."

"ఊళ్ళో సరిగ్గా ఆడేది నువ్వొక్కడివే" అన్నాడు సెలెదోనియో. నవ్వలేదు. "ఇప్పుడు అడుగు."

ఒనొరాతో దారం పక్కన పెట్టాడు. చివరికి, "మీ తమ్ముణ్ణి తీసుకెళ్ళినప్పుడు మా మామ ఏమన్నాడు?" అని అడిగాడు.

"చేతులు కడుక్కోనివ్వండి అన్నాడు తక్కినవాళ్ళతో. బ్లాస్ చేతులు పిండిలో ఉన్నాయి. నేనే చెంబుతో నీళ్ళు పోశాను. మీ మామ గుమ్మంలో నిలబడి వేరేవైపు చూశాడు." సెలెదోనియో తన చేతులు చూసుకున్నాడు. "వాళ్ళు వచ్చింది బ్లాస్ కోసం కాదురా. ఎవేలియో ఎక్కడ అని అడిగారు. నిన్ననే కొండ దాటాడు అన్నాడు బ్లాస్. అయితే ఆ మాట ఆఫీసుకొచ్చి చెప్పు అన్నారు. ఎవేలియో అప్పుడు మా నెత్తి మీదే ఉన్నాడు, పిండి బస్తాల అటక మీద. రెండు రోజులుగా కంటిమీద కునుకు లేక చచ్చినట్టు నిద్రపోతున్నాడు. లారీ వెళ్ళాక లేపి పంపించేశాను. బ్లాస్ ఏడి అని వాడడిగితే మిల్లుకెళ్ళాడన్నాను."

బయట ఎవరిదో ట్రాక్టరు వెళ్ళింది.

"వాడికి తెలుసా?" అన్నాడు ఒనొరాతో.

"బ్లాస్‌ని తీసుకెళ్ళారని తెలుసు. వేరే రోజనుకుంటున్నాడు. చెప్పలేదు, చెప్పను. తట్టుకోలేడు. ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడక్కూడా."

ఒనొరాతో తల వంచుకున్నాడు. అతని మేనమామ గుమ్మంలో నిలబడి వేరేవైపు చూస్తున్నాడు, ఒక కుర్రవాడు చేతులు కడుక్కుంటున్నాడు, అది వింటూ ఏడవాలి నిజానికి. ఏడుపు వస్తోంది కూడా. దాని కిందే, ఎవేలియోకి చెప్పనిది నాకు చెప్పాడు అని ఒక వెచ్చటి సంతోషం పిల్లిలా ఒళ్ళు విరుచుకుంది. దాన్ని ఎంత తోసినా పోలేదు. సిగ్గుతో అతని చెవులు ఎర్రబడ్డాయి. తనకి దక్కిన ఈ ఒక్కదాన్నీ ఎవరికీ చూపించుకోవడానికి లేదని కూడా అప్పుడే తెలిసింది.

గుమ్మంలో వెలుతురు మూసుకుంది. ఎవేలియో, వంకర టోపీతో.

"ఇక్కడున్నావా? ఊరంతా వెతుకుతున్నా" అన్నాడు సెలెదోనియోతో. తర్వాత ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. "ఏంటి, నన్ను చూడగానే ఆపేశారు?"

"ఏం లేదు" అన్నాడు సెలెదోనియో.

"ఏం లేకుండానేనా ఇంతసేపు?" ఎవేలియో నవ్వాడు గానీ నవ్వు సరిగ్గా రాలేదు. పొగాకు సంచీ తీశాడు, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. కింద నుంచి పైకి ఒక్కసారి ఒనొరాతోని చూశాడు. ఆ చూపు ఒనొరాతోకి బాగా తెలుసు. వేసవంతా తను మోసుకు తిరిగిన చూపే.

ఒక్క మాట చాలు, ఆ చూపు ఇంకా మండుతుంది. నాలిక కొసదాకా వచ్చింది కూడా.

"కారు కొనమని వీడి ప్రాణం తీస్తున్నా" అన్నాడు ఒనొరాతో. "వినడు. నువ్వన్నా చెప్పు." కిందున్న తోలుముక్కలు కాలితో పక్కకి నెట్టి, గోడ వారనున్న ముక్కాలిపీట తెచ్చి ఎవేలియో ముందు వేశాడు. "కూర్చో. ఆ పేడకంపు పొగాకు నాకూ ఒకటి చుట్టు."